నా టీసీ, సర్కారు బాకీ

ఉస్మానియా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బాటనీ సీటు నాకు 2024 సెప్టెంబరులో వచ్చింది. అదే నెలలో చేజారింది. ర్యాంకు చాలక కాదు, అక్కడ ఫీజు కట్టలేకా కాదు. రిపోర్టింగ్ గడువు ముగిసేనాటికి నా చేతిలో ఒరిజినల్ టీసీ, అంటే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, లేదు. నేను డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీ దాన్ని రాసివ్వలేదు, నా పేరు మీద 33,000 రూపాయల బాకీ ఉందన్నారు. ఆ బాకీ నేను చేసింది కాదు, మా నాయిన చేసిందీ కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం ఆ కాలేజీకి ఇవ్వాల్సిన సొమ్ము అది.

ఇప్పుడు నేను వేరే యూనివర్సిటీలో అదే బాటనీ సెకండియర్ చదువుతున్నాను. మా జూనియర్లు కొందరు ఈ మధ్య ఫోన్ చేసి, "అక్కా, మాకూ డ్యూ ఉందంటున్నరు, ఏం జెయ్యాలె?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పేకంటే, జరిగింది జరిగినట్టు రాయడం మేలనిపించింది.

మాది నాగర్‌కర్నూలు జిల్లా, అమ్రాబాద్ వైపు. నల్లమల అంచు. ఊరు దాటితే అడవే. నాయిన ఏడాదిలో సగం రోజులు మేస్త్రీ వెంట బయటి పనులకు పోతాడు, అమ్మ కూలికి పోతుంది. ఎండాకాలం సెలవుల్లో అవ్వతో కలిసి తునికి పండ్లకు, మొర్రి పండ్లకు తిరిగినదాన్ని. ఇప్పచెట్టు పూసే కాలం వాసనతోనే తెలిసిపోయేది. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే అందరూ నర్సింగా, డాక్టరా అని అడిగారు. నాకు మాత్రం బాటనీ పుస్తకంలో మా చెట్లకు వేరే పేర్లు ఉన్నాయని తెలియడమే పెద్ద ఆశ్చర్యం. మద్దిచెట్టు టెర్మినాలియా అయింది, తునికి డయోస్పైరోస్ అయింది. ఆ పేర్లు పెట్టే చదువు చదవాలని అప్పుడే అనుకున్నాను.

2021లో కరోనా సెకండ్ వేవ్ వల్ల మా ఇంటర్ సెకండియర్ పరీక్షలు రద్దయ్యాయి. ఫస్టియర్‌లో ఏ సబ్జెక్టుకు ఎన్ని మార్కులొస్తే సెకండియర్‌కూ అవే వేసి, ప్రాక్టికల్స్‌కు పూర్తి మార్కులిచ్చి, అందరినీ పాస్ చేశారు. జూన్ ఆఖర్లో ఫలితాలు వచ్చాయి. ఆ వారంలోనే ఊళ్లోకి బైకుల మీద కాలేజీల మనుషులు రావడం మొదలైంది. వాళ్ల నోటుబుక్కులో ఊళ్లో ఇంటర్ పాసైన పిల్లల పేర్లు, తండ్రుల ఫోన్ నంబర్లు అప్పటికే రాసి ఉన్నాయి. అవి వాళ్లకు ఎవరిచ్చారో నాకిప్పటికీ తెలియదు.

మా ఇంటికి వచ్చినాయన అరుగు మీద కూర్చుని నాయినతో చాలా మర్యాదగా మాట్లాడాడు. "అన్నా, బిడ్డను ఇంట్ల కూసోవెట్టకు. మా కాలేజీల ఒక్క రూపాయి గట్టే పనిలేదు. ఫీజంత సర్కారే కడ్తది. బస్సు గూడ మాదే, మీ ఊరి ముంగటికే వస్తది."

నాయినకు అందులో వినిపించింది ఒక్కటే, బిడ్డ చదువుకు పైసలక్కర్లేదని. నాకు వినిపించింది బీజడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) గ్రూపు ఉందని. ఆధార్‌కు లింకయిన ఫోన్ నాయినది. "నీ ఫోన్‌కు ఒక నంబరొస్తది, చెప్పన్నా" అన్నాడు. వచ్చింది, చెప్పాడు. మళ్లీ ఇంకొకటి వచ్చింది, అదీ చెప్పాడు. దోస్త్ రిజిస్ట్రేషన్ ఫీజు 200 కూడా ఆయనే కట్టాడు. అరగంటలో నా మూడేళ్ల చదువు ఎక్కడో తేలిపోయింది.

దోస్త్ అంటే తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్లకు 2016 నుంచి ఉన్న ఆన్‌లైన్ పద్ధతి. మన మార్కులను బట్టి, మనం పెట్టుకున్న వెబ్ ఆప్షన్లను బట్టి సీటు కేటాయిస్తారు. ఎన్ని కాలేజీలైనా వరుసగా పెట్టుకోవచ్చు. ఏ కాలేజీకి మనమే స్వయంగా తిరగనక్కర్లేదనే ఆ పద్ధతి తెచ్చారు. మాలాంటి ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ చూసే మనిషి లేకపోతే ఆప్షన్లు ఎవరు పెడతారన్నది మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు. రెండేళ్ల తర్వాత ఒక సీనియర్ అక్క సాయంతో నా లాగిన్ తెరిచి చూశాను. నా ఆప్షన్ల జాబితాలో ఉన్నది ఒకే ఒక్క కాలేజీ. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో అదే గ్రూపు ఉంది, నా మార్కులకు సీటు కచ్చితంగా వచ్చేది. అక్కడైతే ఈ కథే లేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ముడి అంతా అక్కడే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008-09లో మొదలైన పథకం ఇది, కాలేజీల్లో ఆర్టీఎఫ్ అని కూడా అంటారు. మా ఇంట్లో ఇంటర్ దాటిన మొదటిదాన్ని నేనే, అది ఈ పథకం వల్లే. అందుకని దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. పల్లెల్లో ఉండే బీసీ కుటుంబానికి ఏడాది ఆదాయం 1,50,000 లోపుంటే అర్హత. మీసేవలో ఆదాయ ధ్రువీకరణ, కుల ధ్రువీకరణ తీసుకుని, ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసి, ప్రింట్ తీసి కాలేజీలో ఇవ్వాలి. కాలేజీలో వేలిముద్ర వేయాలి. అటెండెన్స్ 75 శాతం ఉండాలి. కాలేజీ దాన్ని పైకి పంపితే, జిల్లాలో సంక్షేమ శాఖ వాళ్లు చూసి, బిల్లు చేసి ట్రెజరీకి పంపుతారు. అక్కడ టోకెన్ పడుతుంది, అంటే ఆ బిల్లుకు ఒక నంబరు వస్తుంది. ఆ తర్వాత డబ్బు కాలేజీ ఖాతాలోకి వస్తుంది. ఈ వరసలో విద్యార్థి చేయాల్సింది వేలిముద్ర వరకే. ఆ పైన ఎక్కడ ఆగినా కదిలించే శక్తి మనకు ఉండదు.

మొదటి ఏడాదిది వచ్చింది. రెండో ఏడాదికి రెన్యూవల్ చేశాను, మూడో ఏడాదికీ చేశాను. రెండూ రాలేదు. ఏడాదికి 16,500 చొప్పున 33,000.

కాలేజీ వాళ్లు మొదట్లో మామీద ఒత్తిడి పెట్టలేదు. ఐదో సెమిస్టర్ నుంచి మొదలైంది. పరీక్ష ఫీజు కట్టబోతే, "డ్యూల సగమన్న కట్టున్రి, లేకుంటే హాల్‌టికెట్ ఇయ్యం" అన్నారు. క్లాసులో చాలామందిమి కలిసి ప్రిన్సిపాల్ సారు గది ముందు నిలబడ్డాం. ఆ పూటకు వదిలేశారు. నలుగురు అమ్మాయిలు మాత్రం ఇంట్లో చెప్పి తెచ్చుకోలేక ఆ సెమిస్టర్ మధ్యలోనే మానేశారు. అందులో ఒకామెకు ఆ ఎండాకాలమే పెళ్లి చేశారు. నాకంటే బాగా బొమ్మలు గీసేది. మొక్కజొన్న వేరు అడ్డుకోత బొమ్మ రికార్డులో ఆమె గీస్తే చూసి మేమందరం గీసుకునేవాళ్లం.

నన్ను నిలబెట్టింది మా బాటనీ మేడం. ల్యాబులో మైక్రోస్కోపులు రెండే పనిచేసేవి. ఆమె మమ్మల్ని బయటికి తీసుకెళ్లి కాలేజీ గోడ వెంబడి కలుపు మొక్కలే చూపించి అవి ఏ మొక్కల కుటుంబానివో చెప్పేది. ఉమ్మెత్త పూవు కోసి సోలనేసి, తుమ్మి పూవు కోసి లామియేసి. నేను సెలవులకు వెళ్లినప్పుడు అడవి నుంచి ఆకులూ పూలూ తెచ్చి పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టేదాన్ని. అరవై దాకా షీట్లు అయ్యాయి. మూడో ఏడాదిలో మేడం వాటిని చూసి, "సీపీగెట్ రాయి, యూనివర్సిటీల హెర్బేరియం ఉంటది, ఇసుంటివి వేలున్నయక్కడ" అంది. ఆ మాటతోనే నాకు ఉస్మానియా మీద మనసు పడింది.

సీపీగెట్ అంటే ఉస్మానియాతో పాటు తెలంగాణలోని పలు రాష్ట్ర యూనివర్సిటీలకు కలిపి పెట్టే పీజీ ఎంట్రన్స్. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద. అప్లికేషన్‌కు 800 కట్టాను. హైదరాబాద్‌లో కోచింగ్‌లున్నాయని తెలుసు, పోలేదు, పోలేను. సీనియర్ అక్క తన నోట్సు, పాత పేపర్లు ఇచ్చింది. ఆరో సెమిస్టర్ అయ్యాక రోజూ తెల్లారి నాలుగింటికి లేచి, అమ్మ పొయ్యి ముట్టించేదాకా చదివేదాన్ని. చదువు గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. జూలైలో పరీక్ష రాశాను. ఆగస్టులో ర్యాంకు వచ్చింది, 143. మేడానికి ఫోన్ చేస్తే ఉస్మానియా క్యాంపస్‌లో సీటు రావచ్చంది. మెమోలు, కులం, ఆదాయం, తొమ్మిదో తరగతి నుంచి చదివిన బోనఫైడ్‌లు అప్‌లోడ్ చేశాను. ఈసారి ఆప్షన్లు నేనే పెట్టుకున్నాను, ఫోన్ నంబరూ నాదే.

మొదటి విడతలోనే ఉస్మానియా వచ్చింది. అమ్మ ఆ మెసేజ్‌ను ఊళ్లో ఎంతమందికి చూపించిందో లెక్కలేదు.

మధ్యలో ఆదివారం పోగా గడువు ఐదు రోజులు. మొదటిరోజు పొద్దున్నే కాలేజీకి వెళ్లాను. ఆఫీసులో క్లర్కు సారు లెడ్జర్ తీసి వేలు పెట్టి చూపించాడు. "33 వేలు. కట్టు, గంటల టీసీ రాసిస్త."

"అది ఆర్టీఎఫ్ సార్. గవర్నమెంట్ ఇయ్యాల్సింది."

"ఇచ్చినప్పుడు నీ పైసలు నీకిస్తం. ఇప్పుడైతే నువ్వు కట్టాలె."

ఫోన్‌లో ఈపాస్ స్టేటస్ చూపించాను. రెండేళ్లదీ మంజూరైనట్టు ఉంది. ఆయన కళ్లజోడు పైకి ఎత్తి చూసి, "మంజూరు అంటే పైసలు గాదు బిడ్డా" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ రోజు ఆ మాట ఆయన ఎంతమందికి చెప్పి ఉంటాడో, గొంతు అలసిపోయి ఉంది.

రెండోరోజు జిల్లా కేంద్రానికి పోయి సంబంధిత ఆఫీసులో అడిగాను. అక్కడి ఉద్యోగి నా అప్లికేషన్ నంబరు కొట్టి చూసి, బిల్లు ఎప్పుడో చేశామని, ట్రెజరీకి వెళ్లిందని, టోకెన్ కూడా పడిందని చెప్పాడు. టోకెన్ నంబరు అరచేతి మీద రాసుకున్నాను. అది రాసుకుంటున్నప్పుడు నాకు నిజంగానే ఏదో దొరికినట్టు అనిపించింది. బస్సులో చెయ్యి ముడుచుకోకుండా కూర్చున్నాను, చెమటకు చెరిగిపోతుందని.

సాయంత్రం కాలేజీ నడిపే కరస్పాండెంట్ సారు కలిశాడు. చెయ్యి చూపించాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఈ టోకెన్ చూపిస్తే నా దగ్గర పనిచేసేటోళ్లకు జీతాలైతయా తల్లీ? బిల్డింగు కిరాయి అయితదా? ఒక్క నీది ఇడిస్తే రేపు రెండొందల మంది వస్తరు" అన్నాడు. అందులో అబద్ధం లేదని నాకు తెలుసు. ఎందుకంటే గేటు దగ్గర మా మేడం నన్ను ఆపి, భుజం మీద చెయ్యేసి, "నేను జెప్తే ఇనరమ్మా. నాకే ఐదు నెల్ల జీతం రావాలె" అంది. నన్ను పీజీ చదవమన్న మనిషి ఆమె. ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆ రాత్రి సీనియర్ అక్క ఫోన్‌లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నోటిఫికేషన్ ఒకటి పంపింది. 2018 అక్టోబరుది. అడ్మిషన్ అప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, కాపీలు మాత్రమే ఉంచుకోవాలని, విద్యార్థి సర్టిఫికెట్లను కాలేజీలు పట్టి ఉంచుకోకూడదని అందులో ఉంది. మీసేవ పక్కన జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి మూడోరోజు పట్టుకుపోయాను. క్లర్కు సారు మొత్తం చదివాడు. లేచి వెళ్లి బీరువా తీసి, మూడేళ్లుగా వాళ్ల దగ్గరే ఉన్న నా టెన్త్ మెమో, ఇంటర్ మెమో తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇవి నీయి. తీస్కపో. టీసీ అట్ల గాదు, అది మేం రాసిస్తేనే ఉంటది. పుట్టని కాయిదాన్ని పట్టుకున్నరని ఎట్లంటవు?"

నాకు జవాబు రాలేదు. ఆ నిబంధన రాసినవాళ్లు తమ దగ్గర ఉన్నదాన్ని దాచుకునే కాలేజీ గురించి ఆలోచించారు. రాయాల్సినదాన్ని రాయకుండా ఉండిపోయే కాలేజీ దగ్గర అది చేతికి చిక్కకుండా జారిపోతుంది. న్యాయం తెలిసినవాళ్లు దీనికి వేరే అర్థం చెప్పగలరేమో. ఆ గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను, గడువు రెండు రోజులుంది.

నాలుగోరోజు సోమవారం. కలెక్టరేట్‌లో ప్రజావాణి. అర్జీ రాసి ఇచ్చి రసీదు తీసుకున్నాను. నా ముందు వరసలో భూమి పాసుపుస్తకాల వాళ్లు, పింఛన్ల వాళ్లు. అర్జీ తీసుకున్న అధికారి శ్రద్ధగానే విన్నారు, కాలేజీకి రాస్తామన్నారు. ఆ ఉత్తరం పోవాలి, జవాబు రావాలి. నాకు మర్నాడు సాయంత్రం దాకానే ఉంది.

ఐదోరోజు టీసీ లేకుండానే హైదరాబాద్ బస్సెక్కాను. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి అన్ని రోజులూ అలా తిరగగలిగాను. జీరో టికెట్లు పర్సులో పేరుకుపోయాయి. క్యాంపస్‌లో దిగి ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి నడుచుకుంటూ పోయాను. 1939 నాటి కట్టడం అది, ఫొటోల్లో చూసినదానికంటే చాలా పెద్దది. అక్కడ రిపోర్టింగ్ చూస్తున్నాయన నా కాగితాలన్నీ తిరగేసి, "టీసీ ఏదమ్మా?" అన్నారు. చెప్పాను. అరచెయ్యి చూపించబోయి ఆగాను, నంబరు అప్పటికే చెరిగిపోయింది. టీసీ లేకుండా చేర్చుకునే అధికారం తనకు లేదని, సాయంత్రం వరకు ఉంటానని, తెప్పించుకోగలిగితే తెప్పించుకోమని చెప్పారు. ఆయన తప్పేం లేదు. నేను బయట మెట్ల మీద ఐదింటిదాకా కూర్చున్నాను. ఎవరికోసం ఎదురుచూశానో నాకే తెలియదు. హెర్బేరియం ఎక్కడుందని ఎవరినీ అడగలేదు.

ఆ రాత్రి ఇంటికి చేరేసరికి నాయిన వాకిట్లోనే ఉన్నాడు. ఏమైందని అడగలేదు. "ఇంకో విడత ఉంటదంట గద?" అన్నాడు. రెండో విడత గురించి ఆయన అప్పటికే ఎవరినో అడిగి తెలుసుకున్నాడు.

ఇక్కడ ఒకమాట చెప్పాలి. ఆ ఐదు రోజుల్లో నాయిన మొదటిరోజు నుంచే అప్పు తెస్తానన్నాడు. నేనే వద్దన్నాను. మన బాకీ కాదు కదా, మనమెందుకు కట్టాలి అని వాదించాను. ఇప్పటికీ ఆ మాట తప్పని నేననుకోను. కానీ ఆ మాట పట్టుకుని కూర్చున్నందుకు ఉస్మానియా పోయింది. రెండో విడతకు నాయిన నా మాట వినలేదు.

మేస్త్రీ దగ్గర 20,000 అడ్వాన్సు తీసుకున్నాడు. అంటే దసరా వెళ్లాక పుణె పనికి పోవాలి, ఆ డబ్బు తీరేదాకా మధ్యలో రాకూడదు. మా పాలమూరు వైపు ఈ అడ్వాన్సు అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు. అమ్మ మహిళా సంఘంలో 5,000 తీసుకుంది. కరస్పాండెంట్ సారుతో నాయిన మాట్లాడి 25,000కు ఒప్పించాడు. మిగిలిన 8,000 సర్కారు ఇచ్చినప్పుడే తీసుకుంటామన్నారు.

డబ్బు లెక్కపెట్టుకున్నాక క్లర్కు సారు టీసీ పుస్తకం తీశాడు. రసీదు అడిగితే, "ఫీజు ఫీజే, దీనికి రసీదుండది" అన్నాడు. నాయినకు చదవడం రాదు. అయినా కుర్చీలోంచి లేవలేదు. "కాయిదం రాసియ్యున్రి సారూ. సర్కారిచ్చినంక మాకు మర్లిస్తమన్నరు గద, గదే రాయున్రి. ముద్ర గూడ ఎయ్యున్రి." చివరికి కాలేజీ లెటర్‌హెడ్ మీద నేనే రాశాను. ఏ సంవత్సరం ఆర్టీఎఫ్, ఎంత మొత్తం, ప్రభుత్వం నుంచి జమ కాగానే విద్యార్థికి తిరిగి చెల్లిస్తామని. సంతకం పెట్టి ముద్ర వేశారు. జూనియర్లందరికీ నేను మొదట చెప్పే మాట ఇదే: కట్టక తప్పని పరిస్థితే వస్తే కట్టండి, కాని ఆ కాగితం లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఏటా ఈపాస్ స్టేటస్ స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచుకోండి. మెమోలు చేరిన రోజే తిరిగి అడగండి. టీసీ కోసం సీటొచ్చేదాకా ఆగకండి, ఆఖరి పరీక్ష అయిన వారంలోనే రాతపూర్వకంగా అడిగి, ఇచ్చినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. నాకు మూడు నెలల వ్యవధి ఉండింది, ఎంట్రన్స్ చదువులో పడి టీసీ గురించే తలుచుకోలేదు. గడువు తక్కువున్నవాళ్ల దగ్గర ఎవరైనా గట్టిగా బేరమాడతారు.

రెండో విడతలో ఉస్మానియా బాటనీలో నా కేటగిరీకి సీటు మిగల్లేదు. మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీలో వచ్చింది. బండమీదిపల్లి దగ్గర క్యాంపస్. వెళ్లి చేరాను. టీసీ బల్లమీద పెట్టినప్పుడు అక్కడి మేడం దాన్ని ఫైల్లో పెట్టేసి తర్వాతి పిల్లను పిలిచింది. నాకు మాత్రం ఆ కాగితం వైపు నుంచి చూపు తిప్పుకోవడానికి కాసేపు పట్టింది. ఇరవై ఐదు వేలు అని ఎక్కడా రాసి లేదు దానిమీద.

ఇక్కడ నాకు అన్యాయమేమీ జరగలేదు. బాగా చెప్పే సార్లున్నారు. నా అరవై షీట్లు తెచ్చి చూపిస్తే, పాతికకు పైగా పేర్లు సరిచేసి, రెండు మాత్రం పువ్వు లేకుండా తేల్చలేమని, మళ్లీ సీజన్‌లో తెమ్మన్నారు. నల్లమల ఇక్కడికి దగ్గర కూడా. అయినా ఉస్మానియా పోయిందన్న బాధ తగ్గలేదని చెప్పడంలో నాకు మొహమాటం లేదు. అది నేను చదువుకుని సంపాదించుకున్న సీటు.

చేరిన కొత్తలోనే, అక్టోబరులో, రాష్ట్రంలో ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలు ఫీజు బకాయిలు విడుదల చేయాలని బంద్ పెట్టాయి. జిల్లా పేపర్లో మా పాత కాలేజీ సారు ఫొటో పడింది, ప్లకార్డు పట్టుకుని నిలబడ్డాడు. దానిమీద రాసింది నేను ఆయన గదిలో చెప్పిన మాటే, ప్రభుత్వం ఇవ్వాల్సింది ప్రభుత్వమే ఇవ్వాలని. ఆ ఫొటో చాలాసేపు చూశాను. నాకు కోపం రాలేదు, గెలిచినట్టూ అనిపించలేదు. అడగాల్సినవాళ్లను వాళ్లూ అడిగి చూశారు, వాళ్లకూ దొరకలేదు. అప్పుడు చేతికందిన పిల్లలను పట్టుకున్నారు. నేనైతే టీసీ ఆపను, ఆ కుర్చీలో కూర్చున్నా ఆపను. కాని ఆ అప్పును అక్కడిదాకా తోసినవాళ్లు ఆ కాలేజీలో లేరు. డబ్బు నేరుగా విద్యార్థి ఖాతాలో వేసినా, కాలేజీకి వేసినా, చదువు నడిచే ఏడాదిలోనే వేస్తే ఈ గొడవ లేదు. విద్యార్థి చదువు అయిపోయి బయటికి పోయేనాటికి కూడా రాని డబ్బును రీయింబర్స్‌మెంట్ అనడం నా మనసుకు ఒప్పడం లేదు.

నా కాగితం ఇంకా అలాగే ఉంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి హాస్టల్ ట్రంకు పెట్టెలో, హెర్బేరియం షీట్ల అడుగున దాచాను. నెలకోసారి స్టేటస్ చూస్తాను. నాయిన ఆ ఏడాది సంక్రాంతికి ఇంటికి రాలేదు, పుణె నుంచి ఫోన్ చేసి అడ్వాన్సు ఇంకా ఎంత తీరాలో చెప్పాడు. నేను పైసల సంగతి ఎత్తబోతే, "నీ చెట్ల పేర్లేమైనై, సార్లు ఏమన్నరు?" అని మాట మార్చాడు.

2025లో తమ్ముడి ఇంటర్ అయింది. దోస్త్ మొదలైన రెండోరోజే ఇంటి ముందు బైకు ఆగింది. ఆయన వేరే మనిషి, వేరే కాలేజీ. నోటుబుక్కు మాత్రం అలాంటిదే. అమ్మ మంచినీళ్లిచ్చింది. ఆయన తమ్ముడితో మాట్లాడి, ఆధార్ నంబరు అడిగి, ఏదో కొట్టాడు. తమ్ముడి ఆధార్‌కు లింకయి ఉన్నది నా ఫోన్. నా చేతిలో అది మోగింది.

"తల్లీ, ఒక నంబరొచ్చి ఉంటది, చెప్పు."

"వచ్చిందన్నా. మేమే పెట్టుకుంటం."

"పైసా ఖర్చు లేదమ్మా, సర్కారే..."

"తెలుసన్నా" అన్నాను. నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున తమ్ముణ్ణి తీసుకుని అచ్చంపేట పోయాను. మీసేవలో కూర్చుని వాడి ముందే లాగిన్ తెరిచాం. పదిహేను ఆప్షన్లు పెట్టాం, మొదటి నాలుగూ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలే. సబ్మిట్ నొక్కే ముందు వాడు ఆ జాబితాను పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు.